పాటకు పాటే జవాబు

బ్యాండ్ అంటే మనకు పెళ్లి ఊరేగింపులో వాయించేవాళ్లే గుర్తొస్తారు. పాశ్చాత్య దేశాల్లో నలుగురైదుగురు కలిసి, పాటలు తామే కట్టి, తామే వాయిస్తూ పాడితే ఆ జట్టును కూడా బ్యాండ్ అంటారు. అలాంటి రెండు బ్యాండ్ల పోటీ గురించి తెలుసుకుందాం.

ఒకటి బీటిల్స్. వీళ్లు ఇంగ్లాండులోని లివర్‌పూల్ ఊరివాళ్లు, నలుగురు. రెండోది బీచ్ బాయ్స్. వీళ్లది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల మేనత్త కొడుకు, ఒక స్నేహితుడు కలిసి 1961లో మొదలుపెట్టారు. అన్నదమ్ముల్లో పెద్దవాడు బ్రయాన్ విల్సన్. పాటలు ఎక్కువగా ఆయనే కట్టేవాడు.

1965 డిసెంబరులో బీటిల్స్ 'రబ్బర్ సోల్' అనే ఆల్బమ్ తెచ్చారు. పది పన్నెండు పాటలు ఒకే రికార్డులో వేస్తే దాన్ని ఆల్బమ్ అంటారు. అందులో ఒక పాటకు జార్జ్ హారిసన్ మన దేశపు సితార్ వాయించాడు. ఆ ఆల్బమ్ విని బ్రయాన్ ఆశ్చర్యపోయాడు. ఊరికే నింపడానికి పెట్టిన పాట ఒక్కటీ లేదే అనిపించింది. నేనూ అలాంటిది చెయ్యాలి అని పట్టుబట్టాడు. 1966 మే నెలలో 'పెట్ సౌండ్స్' వచ్చింది. అందులో సైకిల్ బెల్లు, కుక్కల అరుపులు, రైలు చప్పుడు కూడా ఉంటాయి.

ఈసారి ఆశ్చర్యపోవడం బీటిల్స్ వంతయింది. పాల్ మెకార్ట్నీకి అది ఎంతో నచ్చింది. 1967లో వాళ్లు 'సార్జెంట్ పెప్పర్' తెచ్చారు. పెట్ సౌండ్స్ రాకపోతే ఇదీ వచ్చేది కాదని, వాళ్ల రికార్డులు చేయించిన జార్జ్ మార్టినే చెప్పాడు. చూశారా, పాటకు పాటే జవాబు!

కానీ పోటీకి ఇంకో ముఖం కూడా ఉంది. బ్రయాన్ అప్పటికే 'స్మైల్' అనే ఆల్బమ్ చేస్తున్నాడు. స్మైల్ అంటే చిరునవ్వు. 1967లో దాన్ని సగంలోనే ఆపేశాడు. మనసు జబ్బు, మత్తుమందులు, జట్టులో మాట కలవకపోవడం, రికార్డుల కంపెనీతో తగాదా ఇవన్నీ కారణాలు. బీటిల్స్ ముందుకెళ్లిపోతున్నారన్న బెంగ కూడా వాటిలో ఒకటి. తర్వాత చాలా ఏళ్లు ఆయన కష్టపడ్డాడు.

37 ఏళ్లు గడిచాక, 2004లో, బ్రయాన్ ఆ స్మైల్‌ని మళ్లీ పాడి పూర్తిచేశాడు. 2025లో, 82 ఏళ్ల వయసులో చనిపోయాడు. 2003లో రోలింగ్ స్టోన్ అనే అమెరికా పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేసింది. అందులో సార్జెంట్ పెప్పర్ మొదటిది, పెట్ సౌండ్స్ రెండోది. ఇప్పుడు ఒకదాని గురించి రాసేవాళ్లు రెండోదాని పేరు కూడా రాస్తారు. పోటీపడినవాళ్లే ఒకరి పేరు ఒకరు నిలబెట్టారు.

మనమూ మార్కుల్లో, ఆటల్లో, పాటల్లో పోటీపడతాం. ఒకరు ముందుకెళితే మాట్లాడడం మానేస్తాం. వెనకబడిన పిల్ల పుస్తకం మూసేసి మూల కూర్చుంటుంది. నాకు అర్థమైంది ఏమిటంటే, ఎదుటివాళ్లు బాగా చేస్తే చెవిపెట్టి వినాలి, అందులోంచి నేర్చుకోవాలి. వాళ్ల కంటే ముందుండాలన్న బెంగతో మన పని మధ్యలో వదలకూడదు. వదిలినా మళ్లీ పట్టుకోవచ్చు. చిరునవ్వు 37 ఏళ్లు ఆలస్యమైనా చిరునవ్వే కదా!

ఆలోచించండి: మీతో పోటీపడే అమ్మాయి దగ్గర మీరు నేర్చుకున్నది ఏమిటి?

– 9వ తరగతి విద్యార్థిని