సిమ్ మార్చేముందు ఒక్క నిమిషం

కతర్‌లో రాస్ లఫాన్ అంటే గ్యాసు ఊరే. దోహాకి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, సహజవాయువుని మైనస్ 160 డిగ్రీల దాకా చల్లబరిచి, ద్రవంగా మార్చి ఓడలకెక్కించే చోటు. కంట్రోలు రూము లెక్కల్ని ఆఫీసు కంప్యూటర్లకి చేర్చే పని మీద ఆరు వారాలకి వెళ్ళాను. దోహాలో దిగగానే పాస్‌పోర్టు చూపించి అక్కడి సిమ్ కొనుక్కుని, ఇండియా సిమ్ తీసి సూట్‌కేసులో పడేశాను. రోమింగు ఖర్చు తప్పిందని సంబరం కూడా పడ్డాను.

రెండో వారంలో, ప్లాంటు గేటు దగ్గర అప్పగించిన ఫోను సాయంత్రం తిరిగి తీసుకునేసరికి తమ్ముడివి పదకొండు మిస్డ్ కాల్స్. (పేలుడు వాయువులుండే చోటికి మామూలు సెల్‌ఫోను తీసుకెళ్ళనివ్వరు.) నాన్నకి గుంటూరులో స్టెంటు వెయ్యాలి, డబ్బు వెంటనే కట్టాలి. నెట్ బ్యాంకింగులోకి వెళ్ళి అన్నీ నింపాను. చివర్లో ఓటీపీ అడిగింది. అది వచ్చేది సూట్‌కేసులో ఉన్న నంబరుకి!

బసకి పరుగెత్తి సిమ్ పెడితే నెట్‌వర్కు దొరకలేదు. బయల్దేరే ముందు అంతర్జాతీయ రోమింగు ఆన్ చేయించుకోలేదు మరి. ఆన్ చేద్దామని కంపెనీ యాప్ తెరిస్తే అదీ ఓటీపీయే అడిగింది, అదే నంబరుకి. ఆ రాత్రి డబ్బు కట్టింది హైదరాబాదులోని నా సహోద్యోగి.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? సిమ్‌లో ఐఎంఎస్ఐ అనే సంఖ్య ఉంటుంది. మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి: ఇండియాకి 404 లేదా 405, కతర్‌కి 427. పరాయి దేశపు టవరుకి మన సిమ్ తగలగానే, ఆ నెట్‌వర్కు మన సొంత కంపెనీలోని హెచ్ఎల్ఆర్ అనే చిట్టాని అడుగుతుంది, ఇతన్ని రానివ్వొచ్చా అని. రోమింగు లేకపోతే జవాబు 'వద్దు'. మనం ఏ దేశపు ఎక్స్ఛేంజిలో ఉన్నామో ఆ చిట్టాలో ఉంటేనే ఎస్ఎంఎస్ మన దాకా వస్తుంది. లేకపోతే సర్వీసు సెంటరులో కాచుక్కూర్చుంటుంది, ఓటీపీ గడువు ఈలోగా తీరిపోతుంది.

మనల్ని మోసం చేసేది వాట్సాప్. సిమ్ తీసేసినా పాత నంబరు మీదే హాయిగా నడుస్తుంది. దాంతో నంబరు ప్రాణంతోనే ఉందనుకుంటాం.

ఇప్పుడు నేను చేసేది ఇది. రెండు సిమ్‌ల ఫోనులో ఇండియా సిమ్‌ని రోమింగుతో ఉంచి, దాని డేటా ఆపేస్తాను. డేటా అంతా స్థానిక సిమ్ మీదే. ఓటీపీలందుకోవడానికి రోమింగులో వచ్చే ఎస్ఎంఎస్‌కి మామూలుగా ఛార్జీ ఉండదు, ప్లాను చూసుకోండి. కాల్ ఫార్వర్డింగు మాత్రం తప్పకుండా తీసేయండి. మనం ఎత్తని కాల్ కతర్ దాకా వచ్చి మళ్ళీ ఇండియాకి మళ్ళితే రెండు వైపులా బిల్లు పడొచ్చు.

ఎన్ఆర్ఐలకి ఇంకో దారి ఉంది. ఎన్ఆర్ఇ, ఎన్ఆర్ఓ ఖాతాలకి విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలుని 2023 జనవరిలో పది దేశాలకి ప్రకటించారు. కతర్ వాటిలో ఒకటి. మీ బ్యాంకు ఇస్తోందో లేదో బయల్దేరక ముందే కనుక్కోండి.

నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆయన డైరీలో కతర్ బంధువుల నంబర్లు ఇంకా ఏడంకెలవే. 2010 జులైలో అక్కడ మొదటి అంకెని రెండుసార్లు రాసి ఎనిమిది చేశారు. మొన్న ఫోనులో దిద్దించాను, ముందు 974 కూడా చేర్పించి.