సతాయించడం వేరు, వేధించడం వేరు

మన సంఘం సాయంత్రం పూట నడుపుతున్న తెలుగు తరగతి మీ చందాలతో నడుస్తోంది. ఏడాదికోసారి లెక్కలు మీ ముందు పెడుతున్నాం కాబట్టి, ఈసారి అందులోని ఒక పాఠాన్ని కూడా పెడుతున్నాం. ఇది ఒకే ఒక క్రియ గురించిన పాఠం.

తరగతికి వచ్చేవారిలో చాలామంది ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడతారు. తెలుగు రాయడమే కష్టం. వారిలో ఒక అమ్మాయి కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్లే దారిలో ఒకడు రోజూ వెంటపడేవాడు. ఎవరి చేతా రాయించుకోకుండా తానే అర్జీ రాసుకుని ఒక కార్యాలయానికి వెళ్లింది. ‘ఒక అబ్బాయి నాకు సతాయిస్తున్నాడు’ అని అందులో ఉంది. చదివినాయన నవ్వి, “ఇదేదో చిన్నపిల్లల తగాదాలా ఉందమ్మా” అని కాగితం తిరిగి ఇచ్చేశారు. అలా నవ్వడం తప్పే. అయితే సరైన మాట ఆమెకు ముందే నేర్పకపోవడం మా తప్పు.

మాట ఎక్కడిది?

‘సతాయించు’ మనకు ఉర్దూ ‘సతానా’ నుంచి వచ్చింది. చలానా నుంచి చలాయించు, దబానా నుంచి దబాయించు, బనానా నుంచి బనాయించు, ఉడానా నుంచి ఉడాయించు వచ్చినట్టే ఇదీ వచ్చింది. తెలుగువారు ఆ మాటలకు ‘ఇంచు’ చేర్చి సొంతం చేసుకున్నారు. అందుకే మా విద్యార్థులకు ఈ క్రియ మొదటి రోజే నాలుకకు వచ్చేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. తెలిసిన మాటే కదా అని అన్నిచోట్లా దాన్నే వాడేస్తారు.

ఎక్కడ వాడాలి?

సతాయించడమంటే వదలకుండా చికాకు పెట్టడం. ఒక్కసారి చేస్తే సతాయించడం కాదు, మళ్లీ మళ్లీ చేయాలి. అందులో కోపం ఉండవచ్చు, ముద్దూ ఉండవచ్చు.

1. సైకిల్ కొనిపెట్టమని బాబు వారం రోజులుగా సతాయిస్తున్నాడు.
2. అమ్మమ్మను సతాయించకుండా అన్నం తినండి.
3. పొద్దున్నే బండి స్టార్ట్ కాక సతాయించింది.
4. చలికాలం వస్తే మోకాలి నొప్పి సతాయిస్తుంది.

బండి, నొప్పి కూడా మనల్ని సతాయించగలవని గమనించండి. పనిలో అడ్డుపడేది ఏదైనా ఈ క్రియకు కర్త కావచ్చు.

‘నాకు’ కాదు, ‘నన్ను’

మన దక్కనీ ఉర్దూలో ‘మేరేకు సతారా’ అంటాం. ఆ ‘కు’ను అలాగే మోసుకొచ్చి ‘నాకు సతాయిస్తున్నాడు’ అని రాస్తారు. తెలుగులో ఎవరిని సతాయిస్తున్నారో ఆ మాటకు ‘ను’ లేదా ‘ని’ రావాలి. నన్ను, మమ్మల్ని, చెల్లిని, అమ్మను అనాలి. ‘నాకు’ అనేది నాకు ఇచ్చాడు, నాకు కావాలి అన్నచోట సరిపోతుంది.

పక్కనున్న మాటలు

విసిగించు: ఓపిక పోయేలా చేయడం. ‘అడిగిందే అడిగి విసిగించకు.’

పీడించు: అప్పు, రోగం, పేదరికం లాంటివి వదలకుండా బాధ పెట్టడం. ‘వడ్డీ అప్పు ఆ కుటుంబాన్ని పీడిస్తోంది.’

వేధించు: అవతలి మనిషిని భయపెట్టి, బాధపెట్టి, బతుకు నరకం చేయడం. ఇందులో ముద్దుకు చోటు లేదు. వరకట్న వేధింపులు అంటాం. పని చోట మహిళలపై లైంగిక వేధింపుల విషయంలో 2013లో చట్టమే వచ్చింది. రాసేటప్పుడు ఒత్తు మరవకండి. ‘వేదన’లో ద, ‘వేధింపు’లో ధ.

అల్లరి చేసే పిల్లాడు సతాయిస్తాడు. అడ్డగించి భయపెట్టేవాడు వేధిస్తాడు. వేధింపును సతాయింపు అని రాస్తే బాధ సగానికి తగ్గి కనిపిస్తుంది.

అర్జీ తిరగరాశాం

ఆ అమ్మాయి చేతే మళ్లీ రాయించాం. ‘గత మూడు వారాలుగా, నేను వద్దని స్పష్టంగా చెప్పినా, ఒక వ్యక్తి రోజూ సాయంత్రం నన్ను వెంబడిస్తూ వేధిస్తున్నాడు.’ దాని కింద తేదీలు, వేళలు, వీధి పేరు రాసింది. స్త్రీ ఇష్టం లేదని చెప్పినా పదే పదే వెంబడించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఈసారి అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. ఆమె కుట్టుపని మానలేదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరును ఇప్పుడు తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాం.

మన మధ్య ఈ మాట

ఈ పాఠం చెబుతూ మేమూ ఒకటి నేర్చుకున్నాం. సాయం కోసం వచ్చేవారి గురించి ‘సతాయిస్తున్నారు’ అని మా ఆఫీసులోనే అప్పుడప్పుడు అనుకునేవాళ్లం. పింఛను కాగితం కోసం ఒకావిడ నాలుగోసారి వచ్చినప్పుడు లెక్క చూసుకున్నాం. నాలుగుసార్లు వచ్చిందంటే మూడుసార్లు మేము తిప్పి పంపామన్నమాట. అక్కడ సతాయించింది ఎవరు? ప్రజలను పట్టుకుని పీడించి అడగలేని అవసరార్థుల గురించి దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా 273వ ఆయత్ చెబుతుంది. అడగనివారినే వెతికి ఇవ్వాలని తెలిసిన మనం, అడిగినవారిని కాళ్లరిగేలా తిప్పకూడదు కదా! ఆ రోజు నుంచి ఏ కాగితం ఎందుకు ఆగిందో మొదటి రాకలోనే చీటీ మీద రాసి ఇస్తున్నాం.

అభ్యాసం

ఖాళీల్లో సతాయించు, విసిగించు, పీడించు, వేధించు క్రియల సరైన రూపాలు రాయండి.

1. కట్నం తెమ్మని అత్తింటివారు ఆమెను ——.
2. మిఠాయి కావాలని పాప నాన్నను ——.
3. చెప్పిన కథే చెప్పి మమ్మల్ని ——.
4. పాత అప్పులు ఆ రైతును ——.

జవాబులు: 1. వేధిస్తున్నారు 2. సతాయిస్తోంది 3. విసిగించకు 4. పీడిస్తున్నాయి.

పలకలు, పుస్తకాలు, దీపాల ఖర్చు కోసం వచ్చే ఏడాదీ మీ తలుపు తడతాం. అప్పుడు ‘మళ్లీ సతాయించడానికి వచ్చారా’ అని మీరు నవ్వుతూ అంటే మాకు సంతోషమే. ఆ మాటను సరిగ్గా వాడినట్టే లెక్క.