ఊళ్లు మారును, పాట మారదు



నోయిడాలో ఉండే మన తెలుగు పిల్లల్లో చాలామందికి ‘నాటు నాటు’ పాట నోటికి వచ్చు. చంద్రబోస్ రాయగా కీరవాణి స్వరపరిచిన ఆ పాట 2023లో ఆస్కార్ అందుకుంది. కానీ నచ్చిన పాటను కాగితం మీద రాయమంటే తరగతిలో సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లో, కొందరు హిందీ అక్షరాల్లో రాశారు. అమ్మానాన్నల బదిలీలతో ఊళ్లు మారిన పిల్లల తప్పు కాదది. ఊరూరా పెట్టె సర్దుకున్న మాకూ ఆ కష్టం తెలుసు. అయితే అలా రాస్తే ఏం పోతుందో చూద్దాం.

‘పడు’, ‘పాడు’ ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా ఉంటాయి. తెలుగులో ఒకటి కింద పడటం, ఇంకొకటి గొంతెత్తి పాడటం. హిందీ లిపిలో దీర్ఘం నిలుస్తుంది గానీ ఎ, ఏల తేడా పోతుంది. ‘తెలుగు’ కాస్తా ‘తేలుగు’ అవుతుంది. పాట నడక నిలిచేది ఈ తేడాల మీదే.

హ్రస్వాక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘాక్షరం, సున్న ఉన్న అక్షరం, పొల్లుతో కూడిన అక్షరం, ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్న అక్షరం గురువులు, రెండేసి మాత్రలు. మన చుట్టూ ఉన్న పేర్లనే చూడండి.

నోయిడా: గురువు, లఘువు, గురువు. ర గణం, 5 మాత్రలు.
మెట్రో: రెండు గురువులు, 4 మాత్రలు.
యమున: మూడు లఘువులు. న గణం, 3 మాత్రలు.

ఇక్కడివాళ్లలా ‘యమునా’ అంటే స గణం, 4 మాత్రలు. సీత, గంగ లాగే ఆ చివరి దీర్ఘం తెలుగులో హ్రస్వమైంది.

ఈ లెక్క పాత పద్యాలకే కాదు. 1910లో గురజాడ అప్పారావు మూడు, నాలుగు మాత్రల నడకతో ‘ముత్యాల సరాలు’ కట్టారు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. అందులోని ఒక కవిత ఎత్తుగడతో సుద్దాల అశోక్ తేజ 2003లో ‘ఠాగూర్’ సినిమాకు పాట రాసి జాతీయ అవార్డు పొందారు. పుస్తకంలోని కవిత అలా సినిమా హాలు చేరింది.

గురజాడ నడకలో మేమూ ఒక పాదం కట్టాం. పిల్లలు మొదట ‘ఊళ్లు మారుతాయి’ అన్నారు. లెక్కపెడితే ‘మారుతాయి’ దగ్గర ఆరు మాత్రలు వచ్చాయి. ‘మారును’ అని దిద్దుకున్నాం.

ఊళ్లు (3) మారును (4) పాట (3) మారదు (4)

మొత్తం 14. చప్పట్లు కొట్టి చదివితే నడక దానంతటదే వినిపించింది. ఆ రోజు ఆ పాదాన్ని అందరూ తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నారు. దీర్ఘం ఎక్కడుందో తెలియాలి కదా!

అభ్యాసం: మీ సొంతూరి పేరుకు గురులఘువులు గుర్తించండి. ఆ ఊరి మీద 14 మాత్రల పాదం ఒకటి రాసి, అమ్మమ్మకో తాతయ్యకో ఫోనులో చదివి వినిపించండి.