మందు మాన్పించే మందు మన ఊరికి రావాలి

కార్తీకమాసం వస్తే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అయ్యప్ప మాల వేసుకునేవారు చాలామంది కనిపిస్తారు. రోజూ తాగేవారు సైతం 41 రోజులు మద్యం ముట్టరు. ఇంట్లో ఆడవాళ్లకు అదే అసలైన పండుగ. మాల తీసిన వారానికే కొందరు మళ్లీ బెల్టుషాపు దారి పడతారు. అంటే మానాలనే కోరిక వారికి ఉంది. మాన్పించే ఏర్పాటే మనకు లేదు.

మా వీధిలో ఒక పెద్దాయన మాల వేసుకున్న రెండో రాత్రే చేతులు వణికి, మూర్ఛ వచ్చి పడిపోయారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాము. మూడోనాటికి లేని మనుషులతో మాట్లాడసాగారు. ఆసుపత్రికి బయలుదేరాము గాని దారిలోనే కన్నుమూశారు. అది గాలి కాదని చదువుకున్నాక తెలిసింది.

తాగుడు ఒక జబ్బు

ఏళ్ల తరబడి ఎక్కువగా తాగిన శరీరం మద్యానికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛలు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ రావచ్చు. డయజిపామ్ వంటి మందులు, బి1 విటమిన్ ఇచ్చి డాక్టర్లు ప్రాణం కాపాడగలరు. ఆ తర్వాత మళ్లీ తాగకుండా నాల్ట్రెక్సోన్ వంటి మాత్రలు, కౌన్సెలింగు తోడ్పడతాయి.

విధానాలు ఏం చేశాయి?

1992 దూబగుంట మహిళల పోరాటంతో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. దుకాణాలు 2019లో ప్రభుత్వం చేతికి వచ్చి, 2024లో తిరిగి ప్రైవేటుకు వెళ్లాయి. చర్చంతా దుకాణం చుట్టూనే తిరిగింది. తాగేవాడి జబ్బు సంగతి వెనకబడింది. 2019లో విడుదలైన ఎయిమ్స్ జాతీయ సర్వేలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామన్నారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల కలిగే స్థితులనూ మానసిక అనారోగ్యంలో చేర్చింది. ప్రభుత్వ వైద్యసేవ పొందడం హక్కని చెప్పింది. కాని ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు, విశాఖ మానసిక వైద్యశాలకు రెండువందలు దాటుతుంది. కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు వెళ్లగలరు?

మనకు కావలసినవి

1. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరుతో పాటు తాగుడు గురించీ అడగాలి. ఇందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 10 ప్రశ్నల పట్టిక ఉంది.
2. మందులు మండల స్థాయిలో దొరకాలి. తీవ్రంగా ఉన్నవారికి ఏరియా ఆసుపత్రిలో పడకలుండాలి.
3. మానినవారిని ఆశా కార్యకర్త నెలనెలా పలకరించాలి.
4. మద్యం ఆదాయంలో నిర్ణీత వాటా చికిత్సకే ఖర్చుపెట్టాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనలో చాలామంది ఇళ్లలో ఈ బాధ ఉంది. సెలవులకు వెళ్లినప్పుడు నాన్ననో, చిన్నాన్ననో తిట్టకండి. ముందు డాక్టరుకు చూపించి, తర్వాత మాల వేయించండి. టెలి మానస్ 14416కు, వ్యసన విముక్తి సహాయానికి 14446కు ఫోన్ చేయవచ్చు. తాయెత్తు కట్టి తెల్లవార్లూ ఎదురుచూసే రాత్రి మరో ఇంటికి రాకూడదు.