అమ్మాయి ఎప్పుడూ నీరసంగా ఉంటోందా?

బడి నుంచి రాగానే సంచి ఓ మూల పడేసి మంచం ఎక్కే అమ్మాయిలు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు. "వయసొచ్చింది, బద్ధకం పెరిగింది" అంటుంది నానమ్మ. "ఫోన్ చూసి చూసి ఇలా తయారైంది" అంటాడు నాన్న. "ఏం తిన్నా దీనికి ఒంటికి పట్టదు, మా అత్తగారి పోలిక" అని అమ్మ సరిపెట్టుకుంటుంది. మెట్లెక్కితే ఆయాసం, ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, తరచూ తలనొప్పి, జుట్టు రాలడం. విడివిడిగా చూస్తే ఇవేవీ పెద్ద విషయాలుగా కనిపించవు. అన్నీ ఒకే పిల్లలో కనిపిస్తుంటే మాత్రం తిట్టడం ఆపి రక్తపరీక్ష చేయించండి. ఆ పిల్లకు రక్తం తక్కువై ఉండవచ్చు.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే ఇబ్బంది కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 60 శాతం, తెలంగాణలో 64 శాతం పైనే. అదే వయసు అబ్బాయిల్లో దేశం మొత్తం మీద 31 శాతం. అంటే దాదాపు సగం. ఈ తేడాలో కొంత ఒంటి తీరు వల్ల వచ్చింది, ఎందుకంటే అమ్మాయికి నెలనెలా రక్తం పోతుంది. అందుకే 16 నుంచి 18 ఏళ్ళ అబ్బాయికి రోజుకు 26 మిల్లీగ్రాముల ఇనుము కావాలని, అదే వయసు అమ్మాయికి 32 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క చెప్పింది. అమ్మాయికే ఎక్కువ కావాలి. మరి మన ఇళ్ళలో ఎవరికి ఎక్కువ పెడుతున్నాం?

ఆదివారం కోడికూర వండిన రోజు ఒక్కసారి గమనించండి. మంచి ముక్కలు ముందు నాన్న కంచంలోకి, తర్వాత "ఎదిగే పిల్లాడు" కాబట్టి అబ్బాయి కంచంలోకి వెళ్తాయి. అమ్మాయికి ఒకటో రెండో ముక్కలు, పులుసు. చివర్లో గిన్నె ముందు కూర్చున్న అమ్మకు అడుగున మిగిలింది. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఎవరూ లెక్క పెట్టి తగ్గించలేదు. మన అమ్మలు అలాగే వడ్డించారు, మనమూ అలాగే వడ్డిస్తున్నాం. కానీ ఆ పిల్లకు పన్నెండేళ్ళు నిండేటప్పటికి ఇలాంటి ఆదివారాలు ఎన్ని గడిచి ఉంటాయో ఆలోచించండి. ఆ పిల్ల కూడా ఎదుగుతూనే ఉంది కదా.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి ఉంది. ఒకే గుడ్డు మిగిలితే "నాకొద్దులే అమ్మా, తమ్ముడికి పెట్టు" అంటుంది అమ్మాయి. "మా బంగారు తల్లి, ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోతాం. వచ్చిన చుట్టాలకు చెప్పి మరీ మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలుతో ఆ పిల్ల జీవితాంతానికి ఒక పాఠం నేర్చుకుంటుంది: తన ఆకలి చివర రావాలని. దయచేసి ఆ మెచ్చుకోలు మానుకోండి. గుడ్డు రెండు ముక్కలు చేసి ఇద్దరికీ పెట్టండి. తమ్ముడు కూడా పంచుకోవడం నేర్చుకుంటాడు.

అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు మన ఇళ్ళలో చాలాచోట్ల నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి పెడతారు. రక్తం పోయే ఒంటికి బలమైన తిండి కావాలని మన పెద్దవాళ్ళకు తెలుసు. ఆ నాలుగు రోజులూ పిల్లను ఎంత అపురూపంగా చూస్తారో! ఫంక్షన్ అయిపోతుంది, చుట్టాలు వెళ్ళిపోతారు, చిమ్మిలి కూడా అక్కడితో ఆగిపోతుంది. నెలసరి మాత్రం ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా వస్తూనే ఉంటుంది. భోజనాలకు, ఫ్లెక్సీలకు, పట్టుచీరకు పెట్టిన డబ్బులో చిన్న వాటా పక్కన పెట్టినా ఏడాది పొడవునా రోజుకో గుడ్డో, గుప్పెడు వేరుశనగలో, ఒక నువ్వుల ఉండో పెట్టవచ్చు.

పిల్ల దొంగచాటుగా పచ్చి బియ్యం నములుతోందా? బలపాలు కొరుకుతోందా? గోడ సున్నం, మట్టి తింటోందా? "పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుంది" అని నవ్వి వదిలేస్తాం, లేదా చేతి మీద ఒకటి వేస్తాం. ఇనుము తగ్గిన ఒంట్లో ఇలాంటి వింత కోరికలు పుడతాయని డాక్టర్లకు బాగా తెలుసు. కొట్టడం వల్ల ఆ అలవాటు పోదు, దాచుకుని తింటుంది. లోటు తీరితే చాలామందిలో దానంతటదే పోతుంది.

నెలసరి గురించి ఇంట్లో మామూలుగా మాట్లాడండి. ఎన్ని రోజులు వస్తోంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చాల్సి వస్తోంది అని అమ్మ అడగాలి. ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా అది "అందరికీ ఉండేదే" కాదు. డాక్టరుకు చూపించాల్సిన విషయం. నొప్పితో మెలికలు తిరుగుతూ బడి మానేస్తున్నా అంతే. ఇంట్లో వ్రతం ఉందనో, తిరుపతి ప్రయాణం ఉందనో నెలసరి వాయిదా మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి మింగించకండి. డాక్టరు చూడకుండా వాటి జోలికి పోకూడదు. ఇక నాన్నలకు ఒక మాట: ప్యాడ్లు కొనుక్కురావడం మీ పని కూడా. మీరు మొహమాటపడకుండా తెస్తే ఇబ్బంది వచ్చినప్పుడు మీ అమ్మాయి మీతో చెప్పగలదు.

పరీక్ష చాలా సులువు. సీబీపీ అనే రక్తపరీక్ష ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ ఉచితంగా చూస్తారు. పన్నెండేళ్ళు దాటిన అమ్మాయికి అది 12 గ్రాములకు తగ్గకూడదు. 11కు తగ్గితే మందు కచ్చితంగా కావాలి. 8కి తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒక హైస్కూల్లో రక్తపరీక్షలు చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయికి 8.4 వచ్చింది. కూలిపని మధ్యలో నుంచి పరుగెత్తుకొచ్చిన ఆమె తల్లి నర్సమ్మను అడిగిన మొదటి మాట: "జొరం లేదు కదమ్మా, మరి జబ్బెట్టా అయిద్ది?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మంచాన పడితేనే జబ్బు అని మనందరం అనుకుంటాం. ఆ పిల్ల రోజూ లేచి, నీళ్ళు మోసి, బడికి వచ్చి, సగం ఊపిరితో పాఠం వింటోంది. పనిలో పనిగా నర్సమ్మ తల్లికి కూడా వేలు పొడిచి చూసింది. కూతురి కంటే ఆమెకే ఇంకా తక్కువ ఉంది. "నాదేముందిలే, పిల్లకు రాయండి" అంది ఆమె.

రక్తం తక్కువైందంటే ప్రతిసారీ ఇనుము లోటే అనుకోకూడదు. కడుపులో కొంకి పురుగులు ఉండవచ్చు, బి12 తక్కువ కావచ్చు, కొన్ని కుటుంబాల్లో తలసీమియా ఉంటుంది. ఇనుము మాత్రలు సరిగ్గా వేసుకున్నా నెల రోజులకు హిమోగ్లోబిన్ అంకె కదలకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర గురించి చాలామంది తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఈ ఫోలిక్ యాసిడ్ కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వస్తున్న తీవ్రమైన రక్తహీనత మీద పనిచేశారు. సూక్ష్మజీవి వల్ల కాదు, వాళ్ళు తినే తిండిలో ఏదో లేకపోవడం వల్లనే అది వస్తోందని గుర్తించారు. ఈస్ట్ సారం ఇస్తే వాళ్ళు కోలుకున్నారు. ఆ సారంలో పనిచేసిన పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. ఆ స్త్రీల కంచాల్లో ఏముందో చూసినందువల్లే ఆ మందు దొరికింది.

అయితే పిల్లలు ఆ మాత్రను చాలాసార్లు కిటికీలోంచి పారేస్తారు. కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, భయపడతారు. మలం నల్లబడటం వల్ల హాని లేదని ముందే చెప్పండి. పరగడుపున కాకుండా అన్నం తిన్న తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. డాక్టరు రోజూ వేసుకోమని రాసిస్తే రాత్రి భోజనం తర్వాత మీరే దగ్గరుండి వేయించండి. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. అంకె 12 దాటగానే ఆపేయకుండా డాక్టరు చెప్పిన నెలలన్నీ వాడితేనే ఒంట్లో నిల్వ చేరుతుంది. మరీ ముఖ్యమైనది: ఈ మాత్రలు చిన్నపిల్లలకు అందకూడదు. చాక్లెట్లనుకుని మింగితే ప్రాణం మీదకు వస్తుంది. కడుపులో పురుగులు కూడా రక్తం తగ్గిస్తాయి కాబట్టి బడిలో నులిపురుగుల మందు ఇచ్చే రోజున పిల్లను ఇంట్లో ఉంచేయకండి.

తిండి విషయంలో మన నమ్మకాలు కొన్ని సరిచేసుకోవాలి. ఎర్రగా ఉంది కాబట్టి బీట్‌రూట్, దానిమ్మ రక్తం పట్టిస్తాయని డబ్బు పోసి కొంటున్నాం. వాటిలో ఇనుము చాలా తక్కువ. ఉలవలు, అలసందలు, శనగలు, తోటకూర, మునగాకు, నువ్వులు చవక, మేలు కూడా. ఆకుల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి తేలిగ్గా పట్టదు, పక్కన విటమిన్ సి ఉండాలి. అందుకే పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, అన్నంలోకి ఉసిరికాయ పచ్చడి, భోజనం తర్వాత జామకాయ చాలా మంచివి. భోజనం అయిన వెంటనే టీ తాగితే తిన్న ఇనుములో చాలా భాగం వృథా. గంటసేపు ఆగండి. మాంసం తినే ఇళ్ళలో వేటమాంసం, చేపలు, కార్జం నుంచి ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నెలకు రెండుసార్లు కార్జం వేపుడు చేసినప్పుడు మొదటి ముక్క అమ్మాయి కంచంలో వేయండి.

"రేపు తల్లి కావాల్సిన పిల్ల" అని చెప్పి అమ్మాయి ఆరోగ్యం చూడమనడం మనకు అలవాటు. అది నిజం కాదనను. రక్తం లేని ఒంటితో కాన్పు ప్రమాదమే. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్ళయిందని అదే సర్వే చెబుతోంది కాబట్టి ఆ ప్రమాదం మన గుమ్మంలోనే ఉంది. కానీ పద్నాలుగేళ్ళ పిల్ల ఇప్పుడు కబడ్డీ ఆడాలి, లెక్కలు చేయాలి, సైకిల్ మీద ఆయాసం లేకుండా ఇంటికి రావాలి. ఆ ఒళ్ళు ముందు ఆమెది. పుట్టబోయే బిడ్డ కోసం కాకుండా ఆమె కోసమే ఆమెకు రక్తం ఉండాలి. అబ్బాయికి పాలు పోసేటప్పుడు "రేపు తండ్రి కావాలి" అని మనం ఎప్పుడూ అనుకోలేదు కదా.

ఇవన్నీ చెప్పాక అమ్మలతో ఒక మాట. మీరు అడుగున మిగిలింది తింటూ అమ్మాయిని బాగా తినమంటే ఆ పిల్ల వినదు. మీరు చేసేదే ఆమె చేస్తుంది. వడ్డించేశాక విడిగా తినకుండా అందరితో కలిసి కూర్చోండి. మీ కంచంలో కూడా గుడ్డు ఉండాలి. మీకూ పరీక్ష అవసరమే, "నాదేముందిలే" అనకండి.

నాన్నల్లారా, బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలో, కరెంటు బిల్లు ఎప్పుడు కట్టాలో మీకు గుర్తుంటుంది. మీ అమ్మాయి హిమోగ్లోబిన్ ఎంతో, మీ భార్యది ఎంతో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారంలోనే ఒక పూట పని మానుకుని ఇద్దర్నీ మీరే వెంటబెట్టుకుని వెళ్ళి పరీక్ష చేయించండి. మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళండి.