ఘాట్ దిగే వేగం, అందులోని భయం



సైకిల్ రోడ్ రేసులో భయం ముఖ్యంగా రెండు చోట్ల పట్టుకుంటుంది. ఒకటి ఘాట్ దిగేటప్పుడు, రెండోది గుంపు నడుమ చక్రం వెనక చక్రంగా పోయేటప్పుడు. ఎక్కేటప్పుడు తేలేది కాళ్ల సత్తా. అక్కడ వెనకబడతారు గానీ సాధారణంగా పడరు. కొత్తగా రేసుల్లోకి వచ్చేవాళ్లు నెలల తరబడి ఎక్కడమే సాధన చేసి, దిగడం దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దిగే సైకిల్ సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మలుపు దాటగానే గొర్రెల మంద అడ్డొస్తే, చెయ్యి బ్రేకు నొక్కేలోపే ఆ 17 మీటర్లు అయిపోతాయి. అక్కణ్ణుంచి పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 28 మీటర్లు కావాలి, పల్లంలో ఇంకాస్త ఎక్కువే. 30 వేగంలోనైతే ఏడు మీటర్లు చాలు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్క తెలియనివాడికి భయం తక్కువగా ఉండటం ధైర్యం కిందికి రాదు.

భయం పుట్టగానే గుండె దడదడలాడుతుంది, చూపు ఇరుకవుతుంది, పిడికిలి బిగుస్తుంది. సైకిల్ మీద కొంప ముంచేది ఆ పిడికిలే. మంచి వేగంలో ఒక్కోసారి హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. బిగించి పట్టుకుంటే అది పెరుగుతుంది. పట్టు సడలించి, ఫ్రేము పై గొట్టాన్ని మోకాళ్ల మధ్య నొక్కి, మెల్లగా వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది. మలుపు మధ్యలో హడలిపోయి బ్రేకు పట్టడం ఇంతకంటే ప్రమాదం. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు కొంతే. అది తిరగడానికీ ఆగడానికీ రెంటికీ సరిపోవాలి. బాగా వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారిపోతుంది. అందుకే మలుపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉండగానే వేగం దించుకోవాలి. తర్వాత బయటివైపు పెడల్ కిందికి దించి బరువు దాని మీద వెయ్యాలి, చూపు మలుపు చివర నిలపాలి. గుంతనే చూస్తూ పోయేవాడు గుంతలోనే పడతాడు.

భయం కొత్తవాళ్ల సొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన తిబో పినో 2012లో, 22 ఏళ్లకే, టూర్ ద ఫ్రాన్స్‌లో ఒక దశ గెలిచాడు. మరుసటి ఏడు అదే రేసులో పిరనీస్ కొండలు దిగేటప్పుడు బాగా వెనకబడ్డాడు. తనకు వేగమంటే భయమని పత్రికలవాళ్ల ముందే ఒప్పుకున్నాడు. మొనగాళ్ల మధ్య అలా చెప్పుకోవడానికి చాలా గుండె కావాలి. దిగడాన్ని పట్టుబట్టి నేర్చుకున్నాడు, 2014లో అదే రేసులో మూడో స్థానంలో నిలిచాడు.

గుంపులో భయం వేరు. ముందువాడి వెనక ఒదిగితే ఎదురుగాలి తాకిడి బాగా తగ్గుతుంది, కాబట్టి ఎవరూ ఆ చోటు వదులుకోరు. అయితే వెనకవాడి ముందు చక్రం, ముందువాడి వెనక చక్రం పక్కకు వచ్చి రాసుకుంటే పడేది దాదాపుగా వెనకవాడే, ఎందుకంటే తోవ మార్చేదీ తూకం నిలిపేదీ ముందు చక్రమే. భయపడి గుంపు తోకకు చేరడం చాలామంది చేసే పని. అక్కడే కష్టమెక్కువ. ముందున్నవాళ్లు కాస్త వేగం తగ్గిస్తే తోకలో ఉన్నవాళ్లు ఆగినంత పని చెయ్యాలి. ముందు కాస్త పెంచితే వెనక ప్రాణాలు తోడి తొక్కాలి. గుంపు ముందు మూడో వంతులో ఉండటమే మేలు.

ఇక వేగపు మజా సంగతి. అది బూటకం కాదు, అది లేకపోతే ఈ ఆట ఎవరూ ఆడరు. కానీ ఆ మజాకు నైపుణ్యం, అదృష్టం తేడా తెలియదు. సరిగ్గా తిరిగిన మలుపూ, ప్రమాదం అరంగుళంలో తప్పిన మలుపూ ఒకే ఆనందాన్నిస్తాయి. ఈ విషయంలో భయాన్నే ఎక్కువ నమ్మొచ్చు. తడిసిన రోడ్డా, కనబడని మలుపా, అరిగిన బ్రేకు ప్యాడా అని అడిగితే చాలాసార్లు అది జవాబు చెబుతుంది. జవాబు దొరికితే సరిచేసుకోవచ్చు.

పెద్ద రేసుల్లో రోడ్డు మూసేస్తారు, వెనకే డాక్టరు కారు వస్తుంది. అయినా రేసర్లు ఫాబియో కాసర్టెల్లి 1995 టూర్ ద ఫ్రాన్స్‌లో, జీనో మేడర్ 2023 స్విట్జర్లాండ్ టూర్‌లో కొండ దిగుతూ పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2003లో ఆంద్రే కివిలేవ్ రేసులో పడి చనిపోయాకే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఫ్రేము గొట్టం మీద కూర్చుని ముడుచుకుని దిగే పద్ధతిని 2021లో నిషేధించింది. కానీ ఔత్సాహికుడి సాధన అంతా తెరిచిన రోడ్ల మీదే. అరకు ఘాట్‌లో మలుపు అవతల బస్సు రావచ్చు. కోతల రోజుల్లో ఊరి రోడ్డు సగం ఆరబోసిన వడ్లే ఉంటాయి, వాటి మీద టైరు నిలవదు. ఎండాకాలం తర్వాత తొలి చినుకులు దుమ్మునూ నూనెనూ కలిపి రోడ్డును జారుడు చేస్తాయి. జోరువాన కడిగేశాక కొంత నయం. ఇలాంటి చోట్ల పూర్తి వేగం పనికిరాదు. ఒకే మలుపును మొదట నెమ్మదిగా, తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ దిగాలి. పట్టు తప్పకుండా మాటలు చెప్పుకుంటూ తిరగగలిగిన వేగం ఆ రోజుకు సరైన వేగం.

రేసులో కూడా భయమేసి పల్లం దగ్గర ముందువాడి చక్రం వదిలేస్తే పోయేది కొన్ని సెకన్లే. కింద చదును రోడ్డు మీద వెనకబడ్డ మరో ముగ్గురు నలుగురితో కలిసి, వంతులవారీగా ముందుకొచ్చి తొక్కితే ఆ దూరాన్ని చాలాసార్లు పూడ్చుకోవచ్చు.