ఊపిరిలోనికి పోవు ధూళి - దాని కొలత

సోలాపురమున మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన విద్యార్థులకు ధూళి క్రొత్త వస్తువు కాదు. మగ్గపు చట్రముపైనను, దీపపు తీగపైనను, పనివారి కనుబొమ్మలపైనను తెల్లని నూగు పేరుకొనుట మనమందఱము చూచుచున్నదే. అయితే ఆ ధూళిని కొలువవచ్చునా? కొలిచినచో ఎంతవఱకు క్షేమము? ఆ హద్దును నిర్ణయించువారెవరు? ఆ నిర్ణయమున ధూళిని పీల్చువాని మాటకు చోటున్నదా? ఈ ప్రశ్నలను ఈ వ్యాసమున క్రమముగా విచారింతము.

ఈ విచారణకు మగ్గములతోపాటు బొగ్గుగనులను గూడ చేర్చుకొనవలసియున్నది. ఏలయనగా, పనివాడు పీల్చు ధూళిని కొలుచు శాస్త్రము చాలవఱకు గనులయందే పెరిగినది. అదియునుగాక గనులు మనకు పరాయివి కావు. 1877లో ఇచ్చట మొదటి నూలుమిల్లు వెలసిన పిదప కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల పద్మశాలి కుటుంబములు అనేకము సోలాపురము చేరినవి. ఆ ప్రాంతములనుండియే ఇంకొందఱు సింగరేణి గనులలో పనికై కొత్తగూడెము, బెల్లంపల్లి, గోదావరిఖని చేరిరి. ఒకరికి దూది ధూళి, మఱియొకరికి బొగ్గు ధూళి పాలయినది.

కంటికి కనబడని ధూళి

ధూళియందు పెద్ద రేణువులు, చిన్న రేణువులు కలసియుండును. వీనిని కొలుచుటకు మిల్లీమీటరు చాలదు. దానిలో వేయవ వంతగు మైక్రోమీటరు కావలెను. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రోమీటర్లు. పది మైక్రోమీటర్లకు మించిన రేణువులు చాలవఱకు ముక్కులోను, గొంతులోను చిక్కుకొని చీమిడితోను కఫముతోను వెలుపలికి పోవును. నాలుగైదు మైక్రోమీటర్లకు లోబడిన రేణువులు మాత్రము ఊపిరితిత్తుల చివరనుండు సన్నని గాలితిత్తులవఱకు చేరగలవు. బొగ్గు ధూళి విషయమున అన్నిటికంటె హాని చేయునవి ఇవియే.

ఇందుండి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. కంటికి కనబడు నూగు అంతయు హానికరమైనది కాదు. హానికరమైనది అంతయు కంటికి కనబడదు. నేల ఊడ్చినంతమాత్రమున గాలి శుభ్రపడినదని చెప్పుటకు వీలులేదు. పొడి చీపురుతో ఊడ్చినచో నేలపై నణగియున్న సన్నని ధూళి తిరిగి గాలిలోనికి లేచును.

రెండు ధూళులు, రెండు వ్యాధులు

బొగ్గు ధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరి, అచ్చట మచ్చలను, గట్టిదనమును కలిగించును. రాతిలోని సిలికా దానితో కలసినచో కీడు మఱింత హెచ్చును. ఒకసారి ఏర్పడిన ఆ గట్టిదనమును పోగొట్టు మందు లేదు. కావున నివారణయే దీనికి చికిత్స.

దూది ధూళి నడక వేఱు. జనుము, అవిసెనార దువ్వు పనివారు దగ్గుతో బాధపడుటను ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో వెలువడిన తన గ్రంథమున వర్ణించెను. దూది వలన కలుగు ఈ జాతి వ్యాధికి బిస్సినోసిస్ అని పేరు. దీనికి ఒక విచిత్ర లక్షణము కలదు. వారపు సెలవు గడచి పనిలో చేరిన మొదటి దినముననే ఛాతి బిగబట్టినట్లుండును. మఱునాటికి కొంత తగ్గును. పాశ్చాత్య దేశములలో ఆదివారము సెలవు గనుక వారు దీనిని సోమవారపు జ్వరమని పిలిచిరి. ఏండ్లు గడచినకొలది ఆ బిగువు వారమంతయు నిలుచును. తుదకు ఊపిరి శాశ్వతముగా తగ్గిపోవును. ఇంగ్లండులోని లాంకషైరు నూలుమిల్లులలో షిల్లింగు అను వైద్యుడు 1950 తరువాతి సంవత్సరములలో ఈ వ్యాధిని మెట్లుగా విభజించి, ధూళి హెచ్చిన చోట వ్యాధియు హెచ్చునని కొలతల మూలమున చూపెను. మన దేశమున అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిపై పరిశోధనలు సలిపినది.

దూది ఏకు శాఖలలో ధూళి ఎక్కువ, నేత శాఖలలో తక్కువ అనుట సత్యమే. తక్కువ యనగా లేదని అర్థము కాదు. కండెలు చుట్టుచోట, గంజి పెట్టిన పడుగు రాపిడి పడుచోట సన్నని ధూళి లేచుచునే యుండును.

కొలుచు విధము

బొగ్గుగనులయందు వాడుకలోనున్న పద్ధతి సులభముగా అర్థమగునది. పనివాని నడుమునకు చిన్న పంపు కట్టుదురు. దానినుండి వచ్చు గొట్టపు కొనను అతని ముక్కునకు సమీపమున, కాలరుకడ నిలుపుదురు. గాలి ముందుగా ఒక చిన్న సుడిగొట్టములో తిరుగును. అచ్చట పెద్ద రేణువులు జారిపోగా, సన్ననివి మాత్రము వడపోత కాగితముపై నిలుచును. పనికి ముందు, పని తరువాత ఆ కాగితమును తూచినచో హెచ్చిన బరువే ధూళి బరువు.

ఒక లెక్క చేయుదము. పంపు నిమిషమునకు 2 లీటర్ల గాలి పీల్చుననుకొందము. 8 గంటలకు 480 నిమిషములు. పీల్చిన గాలి 960 లీటర్లు, అనగా 0.96 ఘనమీటరు. కాగితపు బరువు 1.92 మిల్లీగ్రాములు హెచ్చినచో, 1.92ను 0.96చే భాగింప 2 వచ్చును. ఘనమీటరు గాలిలో ధూళి 2 మిల్లీగ్రాములన్నమాట.

దూదికి పద్ధతి కొంచెము వేఱు. నూలు పీచు పైకి పోకుండ, పదునైదు మైక్రోమీటర్లకు లోబడిన రేణువులే పైకెక్కునట్లు చేసిన నిలువు గొట్టమును పనిచోట నిలిపి కొలుచుదురు.

ఇంకొక లెక్క దీనికంటె ముఖ్యమైనది. ఒకడు 6 గంటలు ఘనమీటరుకు 1 మిల్లీగ్రాము ధూళి గల చోటను, 2 గంటలు 6 మిల్లీగ్రాముల చోటను పనిచేసెననుకొందము. 6 గంటలకు 6, 2 గంటలకు 12, మొత్తము 18. దీనిని 8చే భాగింప సగటు 2.25. హద్దు 2 అయినచో అతడు హద్దు దాటినాడు. పంపును ఆ 2 గంటలు ఆపివేసినచో సగటు 1 అని వచ్చును. కాగితముపై అంతయు క్షేమమే. తక్కెడ తప్పు చెప్పలేదు, లెక్కయు తప్పు కాదు. ఎప్పుడు కొలువవలెనో నిర్ణయించుటలోనే తప్పు జరిగినది. ఏ 2 గంటలు చెడ్డవో ఎఱిగినవాడు ఆ పని చేయువాడే. కావుననే కొలతకు సంబంధించిన నియమములు వ్రాయునపుడు అతని మాట అవసరము.

వినుట వలన మారిన నియమములు

అమెరికాలో 1969 నాటి బొగ్గుగనుల చట్టము ననుసరించి 1972 నుండి హద్దు ఘనమీటరుకు 2 మిల్లీగ్రాములుగా నుండెను. 2010లో అచ్చటి ప్రభుత్వము క్రొత్త ముసాయిదాను ప్రకటించి, బహిరంగ విచారణలు జరిపి, 2014లో నియమములను ఖాయపఱచినది. 2016లో హద్దు 1.5కు తగ్గినది. హద్దు తగ్గుట యొకటే గాదు. కొలుచు రీతియు మారినది. అంతకుముందు ఉత్పత్తి మామూలులో సగమున్న దినమున కొలిచినను చెల్లెడిది. ఇప్పుడు కనీసము నూటికి 80 వంతులుండవలెను. 8 గంటలకు మించి పనిచేయువానికి పూర్తి పనివేళ యంతయు కొలువవలెను.

దూది విషయమునను అట్లే. 1977 విచారణలలో ఊపిరి చెడిన మిల్లు కార్మికులు స్వయముగా సాక్ష్యమిచ్చిరి. 1978లో నూలు వడకు శాఖలకు 0.2 మిల్లీగ్రాము, గంజి శాఖకును నేత శాఖకును 0.75 మిల్లీగ్రాము హద్దుగా ఏర్పడెను. మిల్లుల యజమానులు వ్యయము హెచ్చునని వ్యాజ్యము వేయగా, 1981లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము ఆ నియమమును నిలిపినది.

మన దేశమున మాటకు చోటు

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో చేర్చిన అనుసూచికలో ముడి దూది ధూళికి 0.2 మిల్లీగ్రాము హద్దు నిర్ణయింపబడెను. 1923 నాటి నష్టపరిహార చట్టపు వృత్తివ్యాధుల పట్టికలో బిస్సినోసిస్ చేరియుండెను. 2025 నవంబరు 21 నుండి ఫ్యాక్టరీల చట్టము, గనుల చట్టము మొదలగువాని స్థానమున వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితులకు సంబంధించిన 2020 నాటి కోడు అమలులోనికి వచ్చినది. ఇందు విద్యుచ్ఛక్తితో నడచు చోట 20 మంది పనివారున్ననే ఫ్యాక్టరీ యనబడును. 1948 చట్టమున ఆ సంఖ్య 10. కొద్దిమంది పనివారితో నడచు మరమగ్గముల కార్ఖానాలు పెక్కు గల మన పేటలకు ఇది చిన్న విషయము కాదు. ధూళి మనుష్యుల సంఖ్యను లెక్కించి లేవదు గదా!

ఇట్టి చట్టముల క్రింద నియమములను చేయుటకు ముందు ముసాయిదాను రాజపత్రమున ప్రకటింపవలెను. గడువులోపల వచ్చిన ఆక్షేపణలను, సూచనలను పరిశీలింపవలెనని 1897 నాటి సాధారణ నిర్వచనముల చట్టము 23వ విభాగము విధించుచున్నది. సూచన పంపుటకు పెద్ద చదువు గాని, న్యాయవాది గాని అక్కఱలేదు. ధూళి హెచ్చుచున్నదని మాత్రము వ్రాసిన లేఖకు విలువ స్వల్పము. ఏ పనివేళను, ఏ యంత్రముకడ, కిటికీలు మూసినపుడా తెఱచినపుడా, షెడ్డులో ఎందఱు, సెలవు మఱునాడు ఎందఱికి ఛాతి బిగియును అని వ్రాసినచో ఆ లేఖ ఒక కొలతతో సమానము. చిన్న కార్ఖానాలలోను కొలువుడు, కొలత ఫలితమును పనివారికి చదివి వినిపింపుడు అని కోరవచ్చును.

ఇచ్చట మన విద్యార్థులకు ప్రత్యేకమైన కర్తవ్యము కలదు. ముసాయిదాలు మరాఠీలోను, హిందీలోను, ఇంగ్లీషులోను వెలువడును. మన యిండ్లలో మగ్గము నడుపు పెద్దలలో పలువురు తెలుగే మాటలాడుదురు గాని, ఆ కాగితములను చదువలేరు. వారికి తెలిసినది ప్రభుత్వమునకు తెలియదు. ప్రభుత్వము వ్రాసినది వారికి తెలియదు. ఈ రెంటికి నడుమ మూడు భాషలు నేర్చిన బాలబాలికలున్నారు. ముసాయిదా వచ్చినపుడు దానిని ఇంట తెలుగున చదివి వినిపింపుడు. నాయన, మామ, అమ్మ చెప్పినదానిని ఉన్నదున్నట్లు మరాఠీలో వ్రాసి, వారిచే సంతకము చేయించి, గడువులోగా పంపుడు. అందులకు కావలసిన గణితమును పైన రెండు లెక్కలలో నేర్చియే యున్నారు.